మీకు తెలుసా? ఫారెక్స్ యాప్‌లో డబ్బు వేసే ముందు

నాణేల వాన

జగ్గయ్యపేటలో దొరికిన శిల్పాల్లో బాగా పేరొందినది డబ్బు వాన బొమ్మ అని మీకు తెలుసా? వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గన్న పేరు పెట్టకముందు ఈ ఊరు బేతవోలు. ఊరి పక్కనున్న ధనంబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ సర్వే చేశాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం 1887లో అచ్చయింది. ఇక్కడి నుంచి తరలిపోయి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న ఒక పలక మీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. ఆకాశం నుంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. జాతక కథ ప్రకారం ఆ చక్రవర్తికి ఎంత కురిసినా చాలలేదు. ఇంద్రుడి సింహాసనంలో సగం దక్కినా మిగతా సగం కూడా కావాలనుకున్నాడు, స్వర్గం నుంచి కిందపడ్డాడు.

ఆ వాన ఇవాళ ఫోన్లలో కురుస్తానంటోంది. డాలరు-యూరో, బంగారం, ముడి చమురు, అమెరికా షేర్ల సూచీ: ఏదైనా సరే, వెయ్యి రూపాయలతో మొదలుపెట్టండి, సాయంత్రానికి రెట్టింపు అంటూ గ్రూపుల్లో లింకులు తిరుగుతున్నాయి. పత్తి, మిర్చి అమ్మిన సొమ్ము ఖాతాలో పడే నెలల్లో ఇవి మరీ ప్రమాదం. అందుకే ఈసారి మన శీర్షిక మొత్తం వీటి మీదే.

పత్తి చేను, సెంట్ల ధర

చందర్లపాడు, వీరులపాడు పత్తి రైతు ఏ యాప్ తెరవకపోయినా డాలరు మార్కెట్లోనే ఉన్నాడు. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజి 1870లో మొదలైంది. ఆ వ్యాపారం ఇప్పుడు ఐసీఈ ఎక్స్ఛేంజిలో జరుగుతోంది. ఒక కాంట్రాక్టు 50,000 పౌండ్ల దూది, ధర పౌండుకు ఇన్ని సెంట్లని. ఆ ధర, దానికి తోడు రూపాయి మారకం రేటు కలిసి మన మిల్లుల కొనుగోలు ధర మీద పడతాయి. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీ బయటి దేశం బొగ్గు తెప్పిస్తే బిల్లు డాలర్లలో వస్తుంది. కొడుకు అమెరికాలో చదువుతుంటే నందిగామ తండ్రి కట్టే ఫీజు కూడా డాలర్లలోనే.

వీళ్లకు రేటు మారితే నిజంగా నష్టం ఉంది. ఆ నష్టాన్ని ముందే కట్టడి చేసుకోవడానికి పుట్టినవే కరెన్సీ ఫ్యూచర్స్, అంటే రాబోయే తేదీకి రేటును ఇప్పుడే ఖాయం చేసుకునే ఒప్పందాలు. డాలరుతో ఏ లావాదేవీ లేని మనిషి అదే పని చేస్తే తనకు లేని ప్రమాదాన్ని కొని తెచ్చుకున్నట్టే. ఈ తేడా చట్టంలో కూడా ఉంది, కింద చూడండి.

కొనకుండానే కొనడం

ఇలాంటి యాప్‌లలో కనిపించే సీఎఫ్‌డీ (కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్) అంటే మీరు వస్తువును కొనరు, దాని ధరలో వచ్చే తేడా మీద మాత్రం కంపెనీతో ఒప్పందం చేసుకుంటారు. ధర పెరిగితే తేడా వాళ్లిస్తారు, తగ్గితే మీరిస్తారు. 1990ల మొదట్లో లండన్‌లో పెద్ద పెట్టుబడిదారుల కోసం ఇది పుట్టింది. అక్కడ షేరు కొంటే అరశాతం స్టాంపు పన్ను కట్టాలి. షేరే కొనలేదు కాబట్టి ఆ పన్ను లేదు. తర్వాత ఇంటర్నెట్‌తో పాటు మామూలు జనంలోకి వచ్చింది. అమెరికాలో చిన్న మదుపరులకు సీఎఫ్‌డీలు అమ్మకూడదు. మన దేశంలో ఏ గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజిలోనూ సీఎఫ్‌డీ లేదు. ఎవరైనా ‘ఇండియాలో సెబీ అనుమతి ఉన్న సీఎఫ్‌డీ’ అంటే ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు.

లండన్ లైసెన్సు నందిగామలో చెల్లదు

1974లో స్టువర్ట్ వీలర్ అనే ఆయన లండన్‌లో ఐజీ ఇండెక్స్ పెట్టాడు. అప్పట్లో బ్రిటన్‌లో విదేశీ మారకం మీద ఆంక్షలుండేవి, మామూలు మనిషికి బంగారం కొనడం కష్టం. కొనకుండా దాని ధర మీద పందెం కాసే దారి ఆయన చూపించాడు. ఆ సంస్థ పెరిగి పెద్దదై, బ్రిటన్ నియంత్రణ సంస్థ లైసెన్సుతో ఇప్పటికీ నడుస్తోంది. అయినా 2022 సెప్టెంబరు 7న భారతీయ రిజర్వు బ్యాంకు మొదటిసారి ప్రకటించిన హెచ్చరిక జాబితాలో ఐజీ మార్కెట్స్ పేరుంది. ఆ జాబితాలో మొత్తం 34 పేర్లు. ఈటోరో, ఎక్స్‌నెస్, ఓక్టాఎఫ్‌ఎక్స్, ఎక్స్‌ఎం, ఒలింప్ ట్రేడ్, ఐక్యూ ఆప్షన్, ఆఖరికి అప్పట్లో అమెరికాలో పెద్ద బ్రోకరుగా పేరున్న టీడీ అమెరిట్రేడ్ కూడా. 2023 నవంబరుకు ఆ సంఖ్య 75, 2024 అక్టోబరుకు 88.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈ జాబితాలో ఉన్నవన్నీ దొంగ కంపెనీలని కాదు. భారత్‌లో నివసించే వ్యక్తికి ఫారెక్స్ (విదేశీ మారకం) లావాదేవీ చేయించే అధికారం వీటికి లేదని అర్థం. సైప్రస్‌లోనో, మారిషస్‌లోనో, లండన్‌లోనో ఉన్న లైసెన్సు నందిగామలో ఉన్న మనకు వర్తించదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. జాబితాలో లేకపోతే మంచిదని కాదు. జాబితా సంపూర్ణం కాదని రిజర్వు బ్యాంకే రాసింది. అనుమతి ఉన్న సంస్థల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో వేరుగా ఉంటుంది, చూడాల్సింది అది.

ఒక ప్లాట్‌ఫాంను పరీక్షించాలంటే మొదటి పరీక్ష ఇదే. గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా, ఈ పరీక్షలో పోతే మిగతావన్నీ దండగ.

డబ్బు బయటికి పంపొచ్చుగా?

2004 ఫిబ్రవరి 4న 25,000 డాలర్ల పరిమితితో మొదలైన లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీము కింద ఇప్పుడు ఒక్కో వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్లు విదేశాలకు పంపొచ్చు. చదువుకు, వైద్యానికి, ప్రయాణానికి, విదేశీ షేర్లు కొనడానికి కూడా. కానీ విదేశాల్లో ఫారెక్స్ ట్రేడింగుకు, మార్జిన్ కట్టడానికి పంపకూడదని అందులోనే స్పష్టంగా ఉంది. ‘యూపీఐలో రూపాయలే కదా పంపింది, దేశం దాటలేదు కదా’ అన్న వాదన కూడా నిలవదు. అనుమతి లేని ప్లాట్‌ఫాంలో ఫారెక్స్ చేస్తే విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా) కింద చర్యకు మీరూ బాధ్యులే. 1999 నాటి ఆ చట్టంలోని 13వ సెక్షన్ ప్రకారం జరిమానా ఆ సొమ్ముకు మూడింతల దాకా వెయ్యొచ్చు. అంటే మోసపోయి ఫిర్యాదుకు వెళ్లిన మనిషికే నోటీసు రావచ్చు. ఇది తెలియక లక్షలు పంపినవాళ్ల కోసమే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఇద్దరు తెలుగు గవర్నర్ల కాలం

ఆ రెమిటెన్స్ స్కీము వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు మన కడప జిల్లా వై.వి. రెడ్డి. దేశంలో మొదటి కరెన్సీ ఫ్యూచర్స్ 2008 ఆగస్టు 29న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి (ఎన్‌ఎస్‌ఈ)లో మొదలైనప్పుడూ ఆయనే. మరి వారం రోజుల్లో పదవి దిగి, ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావుకు అప్పగించారు. యూరో, పౌండు, యెన్ ఫ్యూచర్స్ సుబ్బారావు కాలంలో, 2010లో చేరాయి. యూరో-డాలరు లాంటి రూపాయి లేని జంటలు 2018 ఫిబ్రవరి 27న వచ్చాయి.

అయితే ఎన్‌ఎస్‌ఈ మొదలుపెట్టడానికి ఏడాది ముందే, 2007 జూన్‌లో, దుబాయి గోల్డ్ అండ్ కమోడిటీస్ ఎక్స్ఛేంజి మన రూపాయి మీద ఫ్యూచర్స్ మొదలుపెట్టింది. మన రూపాయి ధర మీద మొదటి ఎక్స్ఛేంజి వ్యాపారం మన గడ్డ మీద జరగలేదు.

ఒక లాటు లెక్క

ఎన్‌ఎస్‌ఈలో డాలరు-రూపాయి ఒక లాటు 1,000 డాలర్లు. ధర కనీసం 0.0025 రూపాయి చొప్పున కదులుతుంది, అంటే ఒక్కో కదలికకు లాటుకు రెండున్నర రూపాయలు. డాలరు ఒక్క రూపాయి కదిలితే వెయ్యి రూపాయలు. చేతికి డాలర్లు రావు, ఆఖరి రోజున రిఫరెన్సు రేటుతో లెక్క కట్టి రూపాయల్లోనే తీరుస్తారు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా నడుస్తుంది, రూపాయి లేని జంటలు రాత్రి 7.30 దాకా. ‘24 గంటలూ డాలరు-రూపాయి ట్రేడింగ్’ అని ఏ యాప్ అయినా అంటే అది ఈ ఎక్స్ఛేంజికి చెందింది కాదని గడియారమే చెబుతుంది.

2024లో వచ్చిన మెలిక

దేశంలోనే, చట్టబద్ధమైన ఎక్స్ఛేంజిలోనే అయినా, ఊరికే పందెం కోసం కరెన్సీ ఫ్యూచర్స్ కొనకూడదు. 2024 జనవరి 5న రిజర్వు బ్యాంకు ఈ సంగతిని మళ్లీ స్పష్టం చేసింది. విదేశీ మారకంతో మీకు నిజమైన లావాదేవీ, అది జరిగిపోయిందైనా, జరగబోయేదైనా, ఉండాలి. 10 కోట్ల డాలర్ల దాకా కాగితాలు చూపించనక్కర్లేదు, కానీ లావాదేవీ మాత్రం ఉండి తీరాలి. ఏప్రిల్ 5 నుంచి అమలు అన్నారు, గగ్గోలు లేచాక మే 3కు వాయిదా వేశారు. చాలామంది బ్రోకర్లు ఖాతాదారుల దగ్గర లిఖితపూర్వకంగా మాట తీసుకున్నారు, లేదా ఉన్నవి మూసేయమన్నారు. ఆ తర్వాత ఈ మార్కెట్లో వ్యాపారం బాగా పడిపోయింది.

మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికి, వచ్చే జనవరిలో కూతురి ఫీజు డాలర్లలో కట్టాల్సిన తల్లికి ఈ దారి తెరిచే ఉంది. అలాంటి అవసరం లేనివాళ్లకు లేదు. నాకు ఇది సబబుగానే తోస్తుంది.

అయిదు వందల రెట్లు

50,000 రూపాయలు వేస్తే 1:500 లివరేజ్ ఇస్తామంటారు. అంటే రెండున్నర కోట్ల రూపాయల లావాదేవీ మీ పేరు మీద నడుస్తుంది. ధర మీకు వ్యతిరేకంగా 0.2 శాతం కదిలితే చాలు, 50,000 పూర్తిగా పోతుంది. యూరో-డాలరు ధర ఒకే రోజులో అరశాతం కదలడం మామూలు విషయం. 2018 ఆగస్టు నుంచి ఐరోపాలో చిన్న మదుపరులకు ప్రధాన కరెన్సీ జంటల మీద 1:30 మించి ఇవ్వకూడదు. అమెరికాలో 1:50 పరిమితి. ఆస్ట్రేలియా కూడా 2021లో 1:30 దగ్గర కట్టేసింది. తమ ప్రజలకు ఆ దేశాలు వద్దన్నదాన్నే అదే కంపెనీలు చిన్న దీవుల లైసెన్సుతో మనకు అమ్ముతున్నాయి.

అదే సమయంలో ఐరోపా నియంత్రణ సంస్థ ఇంకో నియమం పెట్టింది: తమ ఖాతాదారుల్లో ఎంత శాతం నష్టపోయారో ప్రతి కంపెనీ ప్రకటనలోనే రాయాలి. అప్పటి పరిశీలనలో తేలింది 74 నుంచి 89 శాతం. మన షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కలు కూడా తేలిగ్గా లేవు. షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటి. ఇది చట్టబద్ధమైన, పర్యవేక్షణ ఉన్న మార్కెట్లో.

డెమోతో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

పత్తి అమ్మేటప్పుడు కాటా మీద అనుమానమొస్తే తెలిసిన బరువు ఒకటి పెట్టి చూస్తాం. ఉత్తుత్తి డబ్బుతో నడిచే డెమో ఖాతాను కూడా అలాగే, తెలిసిన ధరతో తూకం వేయాలి. రూపాయి రేటుకు రోజూ మధ్యాహ్నం ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించే రిఫరెన్సు రేటు ఉంది. ఎన్‌ఎస్‌ఈ సైటులో ఫ్యూచర్స్ ధర ఉంది. ఫ్యూచర్స్ ధర కాస్త ఎక్కువుంటుంది, అది వడ్డీ తేడా, దానికి కంగారుపడక్కర్లేదు. కానీ ఒక్క ఆ యాప్‌లోనే ధర ఉన్నట్టుండి పడిపోయి, ఇంకెక్కడా ఆ పతనం కనిపించకపోతే, ఆ ధర ఎవరో తయారుచేసిందని అనుకోవాలి. సరిగ్గా మీ స్టాప్‌లాస్‌ను, అంటే నష్టాన్ని ఆపడానికి మీరు ముందే పెట్టుకున్న ధరను, తాకి వెనక్కి వచ్చిన ధర అయితే అనుమానం ఇంకా బలపడాలి.

అమెరికా ఉద్యోగాల లెక్కలు సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం న్యూయార్క్‌లో ఉదయం 8.30కి వస్తాయి. మనకు వేసవిలో సాయంత్రం 6, చలికాలంలో 7. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా, అంటే స్ప్రెడ్, ఆ నిమిషంలో ఎంత విస్తరిస్తుందో చూస్తే ప్రకటనలో రాసిన స్ప్రెడ్ ఎంత నిజమో తెలిసిపోతుంది. ఇంకొకటి: విదేశీ ఫారెక్స్ ఖాతాల్లో బుధవారం రాత్రి తెరిచి ఉంచిన లావాదేవీకి మామూలుగా మూడు రోజుల వడ్డీ వేస్తారు. లావాదేవీ తీరడానికి రెండు పనిదినాలు పడుతుంది, వారాంతం అందులో కలిసి వస్తుంది కాబట్టి.

డెమో చెప్పనిది అసలైనది. డెమోలో ఆర్డరు సాధారణంగా అడిగిన ధరకే పడుతుంది, నిజం ఖాతాలో ధర జారిపోవచ్చు. డెమోలో పోయేది మీ సొమ్ము కాదు, కాబట్టి మీ చెయ్యి వణకదు. అన్నిటికన్నా ముఖ్యం, డెమోలో డబ్బు వెనక్కి తీసుకునే పరీక్ష ఉండదు.

ఎదురు కూర్చున్నది ఎవరు

విదేశీ ఫారెక్స్ కంపెనీలు కొన్ని మీ ఆర్డరును బయటి మార్కెట్‌కు పంపవు, ఎదుటి పక్షంగా తామే ఉంటాయి. మీరు నష్టపోతే అది వాళ్ల లాభం. ఆ రంగంలో దీన్ని బీ-బుక్ అంటారు. ఒప్పంద పత్రంలో ‘మేమే ప్రధాన పక్షం’ అన్న అర్థం వచ్చే వాక్యం చిన్న అక్షరాల్లో దొరుకుతుంది, ఓపిగ్గా వెతకండి. అమెరికాలో ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే పెద్ద కంపెనీ తమకూ ఖాతాదారులకూ మధ్య ప్రయోజనాల ఘర్షణ లేదని చెప్పుకుంది. ధరలు ఇచ్చే మార్కెట్ మేకర్‌తో తమకున్న సంబంధాన్ని మాత్రం దాచింది. 2017 ఫిబ్రవరిలో అక్కడి నియంత్రణ సంస్థ సీఎఫ్‌టీసీ 70 లక్షల డాలర్ల జరిమానా వేసి అక్కడి నుంచి సాగనంపింది. అంత కఠినమైన నియంత్రణ ఉన్నచోట బయటపడటానికి కూడా ఏళ్లు పట్టింది.

ఒక గురువారం పొద్దున

2015 జనవరి 15. స్విస్ కేంద్ర బ్యాంకు 2011 నుంచి యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును నిలబెడుతూ వచ్చింది. ఆ రోజు ముందు మాట లేకుండా వదిలేసింది. నిమిషాల్లో ఫ్రాంకు విపరీతంగా పెరిగిపోయింది. స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధర దగ్గర కొనేవాడే దొరకలేదు, ఎంతో కింద తెగింది. వేసిన డబ్బు పోవడమే కాక తిరిగి బాకీ పడ్డారు. ఆల్పారి బ్రిటన్ శాఖ దివాలా తీసింది. పైన చెప్పిన ఎఫ్‌ఎక్స్‌సీఎంకు ఖాతాదారుల నుంచి 22.5 కోట్ల డాలర్లు రావాల్సి వచ్చి, 30 కోట్ల డాలర్ల అప్పుతో బతికింది. ఐరోపాలో ‘వేసిన దానికి మించి పోకూడదు’ అనే నియమం 2018లో వచ్చింది.

మెటాట్రేడర్ ఉంటే నిజమైనదేనా?

కాదు. మెటాట్రేడర్ 4 (2005), మెటాట్రేడర్ 5 (2010) అనేవి మెటాకోట్స్ కంపెనీ తయారుచేసిన ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్. దాన్ని వాడుతున్న బ్రోకరుకు అది లైసెన్సు కాదు. తెర మీద లాభం పెరుగుతూ కనిపించడం సర్వరు నడిపేవాళ్ల చేతిలో పని. 2022 సెప్టెంబరులో యాపిల్ ఈ రెండిటినీ తన స్టోరు నుంచి తీసేసి, 2023 మార్చిలో తిరిగి పెట్టింది. యాప్ స్టోరులో దొరికింది కాబట్టి భద్రం అనుకోవడం కూడా సరికాదు. వాట్సాప్‌లో ఏపీకే ఫైలు పంపితే ఇక చెప్పేదేముంది, వేలు పెట్టొద్దు.

వెనక్కి తీసుకోగలరా

మోసగాళ్లు బాగా వాడే ఎత్తు ఇది. మొదట 2,000 వేయిస్తారు, నాలుగు రోజులకు 2,600 అడిగిన వెంటనే ఇచ్చేస్తారు. నమ్మకం కుదురుతుంది. తర్వాత లక్ష, అయిదు లక్షలు, బంగారం తాకట్టు. తెర మీద 18 లక్షలు కనిపిస్తుంటాయి. తీసుకుందామంటే ‘ముందు 30 శాతం పన్ను కట్టాలి’ అంటారు. కడితే ‘ఖాతా ధ్రువీకరణ రుసుము’, ఆ తర్వాత ‘మనీ లాండరింగ్ క్లియరెన్స్’. కాబట్టి చిన్న మొత్తం వెనక్కి వచ్చిందంటే ఏమీ రుజువు కాలేదు.

గట్టిగా గుర్తుంచుకోండి: ఆదాయపు పన్ను మీరు ప్రభుత్వానికి మీ పాన్ మీద కడతారు. మీ సొమ్ము మీకు ఇవ్వడానికి ఏ బ్రోకరూ ముందుగా పన్ను కట్టించుకోడు. ఆ మాట వినపడ్డ క్షణంలో ఇంకో రూపాయి పంపకూడదు, పోయింది రాబట్టుకుందామనే ఆశతో కూడా.

ఎవరి ఖాతాకు పంపుతున్నారు

డబ్బు వేసేటప్పుడు ఒకసారి ఒక ట్రేడర్స్ పేరు, ఇంకోసారి ఎవరో వ్యక్తి పేరు, మూడోసారి ఏదో ఎంటర్‌ప్రైజెస్ పేరు వస్తోందా? అవి అద్దె ఖాతాలు. వెనక్కి మీకు వచ్చే డబ్బు ఇంకెవరో బాధితుడిది కావచ్చు. ఆ బాధితుడు తన రాష్ట్రంలో ఫిర్యాదు చేస్తే, డబ్బు వెళ్లిన దారి పట్టుకుని మీ ఖాతాను కూడా స్తంభింపజేస్తారు. పీఎం కిసాన్ సొమ్ము, పింఛను, పత్తి డబ్బు పడే ఖాతా అదే అయితే ఇల్లంతా ఆగిపోతుంది. ఆ నిలుపుదల తీయించుకోవడానికి పరాయి రాష్ట్రం పోలీసులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి.

నెలకు ఇంత కమీషన్ అని కాలేజీ కుర్రాళ్ల ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ తీసుకునేవాళ్లు ఉన్నారు. ఇచ్చిన కుర్రాడు కేసులో నిందితుడవుతాడు. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలకు ఈ ఒక్క సంగతి ఈ రాత్రే చెప్పండి.

ఐఎన్‌జెడ్‌తో మొదలయ్యే నంబరు

సెబీ దగ్గర నమోదైన స్టాక్ బ్రోకరు నంబరు ఐఎన్‌జెడ్ అక్షరాలతో మొదలవుతుంది. సలహాదారుకు ఐఎన్ఏ, రీసెర్చ్ అనలిస్టుకు ఐఎన్‌హెచ్. యాప్‌లో రాసిన నంబరును నమ్మకుండా, సెబీ సైటులో ఆ నంబరు కొట్టి, అక్కడ వచ్చిన పేరు, చిరునామా, వెబ్‌సైటు ఒకటేనో కాదో చూడండి. పేరున్న బ్రోకరు నంబరునే దొంగ యాప్‌లో అతికించడం కొత్తేం కాదు.

2025 అక్టోబరు 1 నుంచి ఇంకో రక్షణ వచ్చింది. నమోదైన బ్రోకర్ల యూపీఐ ఐడీలో ‘వ్యాలిడ్’ అనే ప్రత్యేక పదం ఉంటుంది, చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది. ‘సెబీ చెక్’ అనే సాధనంలో ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ వేసి కూడా సరిచూసుకోవచ్చు.

మంచి బ్రోకరునూ పరీక్షించండి

చట్టబద్ధమైన బ్రోకరు దగ్గర పరీక్షకు ఫారెక్సే అక్కర్లేదు, ధర తక్కువున్న ఒక్క షేరు చాలు. కొనండి, అమ్మండి. 24 గంటల్లోపు కాంట్రాక్ట్ నోట్ రావాలి. ఎక్స్ఛేంజి నుంచి విడిగా మీ ఫోనుకు సందేశం రావాలి, ఆ రెండూ పొంతన కుదరాలి. మిగిలిన సొమ్ము వెనక్కి అడగండి, మీ పేరున్న బ్యాంకు ఖాతాకే రావాలి. మీరు మరిచిపోయినా, వాడని సొమ్మును మీరు ఎంచుకున్న దాన్నిబట్టి 30 లేదా 90 రోజులకొకసారి బ్రోకరే తిరిగి పంపాలన్నది సెబీ నియమం. ఒక రోజు కరెంటు పోయినప్పుడు, సిగ్నల్ సరిగ్గా లేని చేను గట్టు మీద యాప్ తెరిచి చూడండి. ఆర్డరు మూయమని ఫోన్ చేసే నంబరు పనిచేస్తుందా? అది కూడా ఒకసారి కొట్టి చూడాల్సిందే.

బ్రోకరు కంప్యూటర్ వ్యవస్థే పూర్తిగా కూలితే ఏం గతి అన్న ప్రశ్నకు 2023 అక్టోబరులో జవాబు దొరికింది. ఎక్స్ఛేంజిలు కలిసి ఐఆర్ఆర్ఏ అనే వేదిక పెట్టాయి. అలాంటప్పుడు అందులోకి వెళ్లి మీ లావాదేవీలు మూసుకోవచ్చు, కొత్తవి మొదలుపెట్టడం కుదరదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన నందిగామ బిడ్డలకు చట్టం వేరు. అక్కడ ఫారెక్స్ కంపెనీ సీఎఫ్‌టీసీలో నమోదై, ఎన్‌ఎఫ్ఏలో సభ్యత్వం ఉండాలి. ఎన్‌ఎఫ్ఏ వారి బేసిక్ అనే సైటులో కంపెనీ పేరు కొడితే పాత జరిమానాలు, కేసులతో సహా వస్తాయి. కానీ ఆ ఖాతాలో ఇక్కడున్న నాన్నగారి డబ్బు తిప్పుతామంటే కుదరదు, ఆయన భారత నివాసి.

1930

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. తొలి గంటల్లో చేస్తే సొమ్ము అద్దె ఖాతాల్లోంచి చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం ఉంది, మర్నాడు పొద్దున స్టేషనుకు వెళ్దాంలే అనుకుంటే అది తగ్గిపోతుంది. ఫోను చేసేముందు పక్కన పెట్టుకోవాల్సినవి: మీ బ్యాంకు ఖాతా నంబరు, ప్రతి చెల్లింపు యూటీఆర్ నంబరు, తేదీ, సమయం, అవతలి యూపీఐ ఐడీ. వాట్సాప్, టెలిగ్రామ్ సంభాషణల స్క్రీన్‌షాట్లు తీశాకే గ్రూపులోంచి బయటికి రండి, ముందే వస్తే ఆధారాలు చెరిగిపోవచ్చు. ఫిర్యాదుకు ఇచ్చే నంబరును రాసుకుని, అదే రోజు మీ బ్యాంకు శాఖలో లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. అనుమతి లేకుండా డిపాజిట్లు, పెట్టుబడులు సేకరించేవాళ్ల మీద రిజర్వు బ్యాంకు వారి ‘సచేత్’ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోకముందే, అనుమానం వచ్చినప్పుడే అక్కడ రాయొచ్చు.